పెరటి కొలనులో నీరు ఎటు పోతుంది?

ఇంటి పెరట్లో కట్టుకున్న చిన్న కొలనులో నీరు తగ్గితే ఎండనో, నేలనో కారణంగా చెప్పుకోవడం పరిపాటి. ఎండకు నీరు ఆవిరవడం, పగుళ్ల గుండా కొంత నేలలోకి ఇంకడం నిజమే అయినా, ఆ నష్టం రోజుల తరబడి కంటికి కనిపిస్తూ సాగుతుంది కనుక దానిని గమనించి నీరు నింపుకోవడానికి వ్యవధి ఉంటుంది. రాత్రి నిండుగా ఉన్న కొలను తెల్లవారేసరికి అడుగంటి చేపలు బురదలో పడి ఉన్నప్పుడు మాత్రం, ఆ నీటిని బయటికి తోడిపోసినది చాలా సందర్భాల్లో ఆ కొలనులోనే అమర్చిన పంపు, లేదా దానికి తగిలించిన గొట్టం. జలపాతం కోసం, ఫౌంటెను కోసం, నీటిని వడకట్టి శుభ్రంగా ఉంచడం కోసం పెట్టుకున్న యంత్రమే, పైపు ఒక చోట ఊడితే, కొలనును ఖాళీ చేసే యంత్రంగా మారుతుంది.

ఈ ప్రమాదం ఎంత వేగంగా జరుగుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు, నిలువు గోడలు ఉన్న కొలనులో 3,600 లీటర్ల నీరు పడుతుంది. మండు వేసవిలో రోజుకు ఒక సెంటీమీటరు నీరు ఆవిరైందనుకున్నా, 6 చదరపు మీటర్ల ఉపరితలం నుంచి పోయేది 60 లీటర్లు. అంటే కొలను పూర్తిగా ఎండడానికి 60 రోజులు కావాలి. అదే కొలనులో గంటకు 3,000 లీటర్లు తోడే పంపు ఉండి, దాని పైపు గట్టు అవతల ఊడిపోతే, గంటా పన్నెండు నిమిషాల్లో కొలను ఖాళీ అవుతుంది. రాత్రి పది గంటలకు పైపును పట్టి ఉంచే క్లాంపు జారిపోతే పదకొండున్నర లోపే అడుగు తేలుతుంది, ఆ తరువాత నీరు లేకుండా తిరిగిన పంపు కూడా కాలిపోతుంది.

పైపు ఊడడం ఒక్కటే దారి కాదు. కొలను పక్కన గట్టు మీద పెట్టిన ఫిల్టరు పెట్టెలో, అంటే నీటిని స్పాంజి, గులకరాళ్ల వంటి వాటి గుండా పంపి మురికిని ఆపే పెట్టెలో, నాచు పేరుకుని లోపలి దారి మూసుకుపోతే, పంపు తెచ్చిపోసే నీరు తిరిగి కొలనులోకి వెళ్లలేక పెట్టె అంచుల మీదుగా పొర్లి నేలపాలవుతుంది. జలపాతపు వాగులో ఒక రాయి కదిలినా, రాలిన ఆకులు అడ్డుపడినా నీరు అంచు దాటి పక్కకు మళ్లుతుంది. ఫౌంటెను చిమ్మే తుంపరలను గాలి గట్టు అవతలికి విసిరికొడుతుంది. ఎలుక కొరికిన గొట్టం, ఎండకు పెళుసెక్కి చీలిన ప్లాస్టిక్ జాయింటు కూడా ఇదే పని చేస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ ఎన్నటికీ జరగకుండా చూడడం ఎవరికీ సాధ్యం కాదు. పైపులు పాతబడతాయి, ఆకులు రాలుతూనే ఉంటాయి. అందువల్ల కొలను కట్టేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న, నీరు పోయే దారులన్నిటినీ ఎలా మూయాలన్నది కాక, ఏదో ఒకటి చెడిన రోజున ఎంత నీరు పోనివ్వవచ్చు, చేపలు బతకడానికి ఎంత మిగలాలి అన్నది.

ఆ మిగలవలసిన మట్టాన్ని కనీస నీటిమట్టం అనుకుంటే, దానిని కాపాడే పని అంతా పంపు నోరు ఎక్కడ ఉన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. పంపు తన నోటికి అందే నీటినే తోడగలదు. నోరు అడుగున ఉంటే అడుగు వరకు, ఉపరితలానికి 20 సెంటీమీటర్ల కింద ఉంటే అంతవరకే తోడుతుంది. పైన చెప్పిన కొలనులో పంపు నోటిని 20 సెంటీమీటర్ల లోతులో నిలిపితే, ఎంతటి ప్రమాదం జరిగినా పోయేది 1,200 లీటర్లు, మిగిలేది 2,400 లీటర్లు. అయినా చాలా ఇళ్లలో పంపును కొలను మధ్యలో అన్నిటికన్నా లోతైన చోట, అడుగున, వాలుగా పడేసి ఉంచుతారు. అక్కడి మురికిని అది లాగేస్తుందన్న ఆశే అందుకు కారణం. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు గాని, కాస్త మురికి కోసం మొత్తం నీటిని పణంగా పెట్టడం సరైన బేరం కాదు.

ఖరీదైన కొలనుల్లో ఈ పనికి స్కిమ్మర్ అనే పెట్టె ఉంటుంది. గోడకు అమర్చిన ఈ పెట్టె నోరు నీటి ఉపరితలం దగ్గర ఉంటుంది కాబట్టి, తేలే ఆకులను లోపలికి లాగుతూనే, మట్టం ఆ నోటి అంచు కిందికి దిగగానే కొలను నీటిని తీసుకోవడం మానేస్తుంది. అంత ఖర్చు పెట్టలేనివారు చిల్లులు లేని ఒక ఎత్తైన బకెట్టునో, చిన్న డ్రమ్మునో కొలనులో నిలబెట్టి, దాని అంచు కనీస నీటిమట్టానికి సరిగ్గా వచ్చేట్టు చూసి, పంపును అందులో దించి, పైపును అంచు మీదుగా బయటికి తీస్తే అదే ఫలితం దక్కుతుంది. నీరు అంచు దాటి బకెట్టులోకి పడినంతసేపే పంపుకు అందుతుంది. మట్టం అంచు కిందికి దిగితే బకెట్టులోని నీరే అయిపోతుంది తప్ప కొలను చెక్కుచెదరదు. కొలను బయట మోటారు పెట్టి పీల్చుడు పైపును నీటిలోకి దించిన చోట, ఆ పైపుకు కనీస నీటిమట్టం ఎత్తులో ఒక రంధ్రం వేస్తే చాలు. మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి మోటారు నీటిని లాగడం ఆపేస్తుంది.

పంపును పైకి లేపితే అడుగు నీరు కదలక కుళ్లుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. దానికి పరిష్కారం అక్వేరియం దుకాణాల్లో దొరికే చిన్న గాలి పంపు. దాని గొట్టం చివరి రాయి నుంచి లేచే బుడగలు అడుగు నీటిని పైకి తెస్తాయి, నీటిని మాత్రం ఎక్కడికీ తోడవు. ఆ గాలి పంపును కొలను నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కింద పెడితే, కరెంటు పోయినప్పుడు నీరు ఆ సన్నని గొట్టంలోకే ఎదురెక్కి పంపులోకి వచ్చి నేల మీద కారుతుంది.

నీరు తగ్గగానే పంపును తనంతట తానే ఆపే ఫ్లోట్ స్విచ్, అంటే నీటిపై తేలుతూ మట్టంతో పాటు దిగి విద్యుత్తును తెంచే మీట, తెలుగువారి ఇళ్లకు కొత్తది కాదు; మిద్దె మీది ట్యాంకు నిండగానే మోటారును ఆపడానికి వాడేది అదే. కొలనులో దాన్ని తలకిందులుగా, నిండినప్పుడు గాక తరిగినప్పుడు ఆపేట్టు బిగించాలి. నాచు చుట్టుకుని అది కదలకుండా బిగిసిపోవడం మామూలు కనుక, చిల్లులున్న పైపు ముక్కలో దాన్ని ఉంచి, నెలకొకసారి చేత్తో కిందికి నొక్కి పంపు ఆగుతోందో లేదో చూడాలి. పంపును పైకి లేపి పెట్టిన చోట ఈ స్విచ్ పంపును కాపాడుతుంది. పంపు అడుగునే ఉన్న చోట చేపల ప్రాణాలన్నీ ఈ ఒక్క మీట మీదే ఆధారపడతాయి. అంతటి బాధ్యతను దాని మీద ఒక్కదాని మీదే పెట్టకూడదు.

పంపు తిరుగుతున్నప్పుడు కలిగే నష్టాలు ఇవి కాగా, పంపు ఆగిపోయినప్పుడే మొదలయ్యే నష్టాలు మరికొన్ని ఉన్నాయి. కరెంటు కోతలు ఉన్న ఊళ్లలో వీటిని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. వీటి మూలం సైఫన్ అనే ప్రక్రియ. నీటితో నిండిన గొట్టం ఒక కొస ఎత్తైన చోటి నీటిలో, మరో కొస పల్లంలో ఉంటే, మధ్యలో గొట్టం గట్టు మీదుగా పైకెక్కి దిగినా సరే, నీరు దానంతట అదే పల్లానికి పారుతుంది. పల్లం వైపు జారే నీటి బరువు వెనుక నీటిని లాగుతుంటే, ఉపరితలాన్ని నొక్కే వాయుపీడనం ఆ నీటిని గట్టు ఎక్కిస్తుంది. దీనికి యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. గొట్టంలోకి గాలి చొరబడినప్పుడో, ఎత్తైన చోటి నీరు గొట్టం కొస కిందికి దిగినప్పుడో అది ఆగుతుంది.

అందం కోసం పైన ఒకటి, కింద ఒకటి రెండంతస్తులుగా కట్టిన కొలనుల్లో ఇది తరచూ జరుగుతుంది. కింది కొలనులోని పంపు నీటిని పైకి ఎక్కిస్తుంటే, అది జలపాతంగా మళ్లీ కిందికి దూకుతుంది. పైకి వెళ్లిన గొట్టం కొస కనిపించకూడదని దానిని పై కొలను అడుగున రాళ్ల మధ్య దాస్తారు. కరెంటు పోయిన మరుక్షణం, అప్పటిదాకా పైకి ఎక్కుతున్న నీరు అదే గొట్టంలో, ఆగిన పంపు గుండా, వెనక్కు దిగడం మొదలై, పై కొలను గొట్టం కొస దాకా ఖాళీ అవుతుంది. ఆ నీరంతా పట్టక కింది కొలను గట్టు దాటి పొర్లుతుంది. కరెంటు వచ్చాక పంపు మళ్లీ తిరుగుతుంది గాని నేలపాలైన నీరు తిరిగి రాదు. గొట్టం కొసను పై కొలను నీటికి ఎగువన ఉంచితే ఈ బాధే ఉండదు. కొస మునిగే ఉండాలనుకుంటే, నీటి ఉపరితలానికి వేలెడు కింద గొట్టానికి ఒక చిన్న రంధ్రం వేయాలి. మట్టం కాస్త దిగగానే ఆ రంధ్రంలోంచి గాలి పోయి సైఫన్ తెగిపోతుంది. నీరు ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు కూడా పనికొస్తుంది గాని, దాని తలుపులో నాచు పీచు ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. చెడడానికి ఏమీ లేని రంధ్రమే ఇక్కడ ఎక్కువ నమ్మదగినది.

నీరు నింపే హోస్ పైపు కొసను కొలనులో ముంచి వదిలేయడం కూడా ఇటువంటి పొరపాటే. తోటలోని కుళాయి కొలను కన్నా పల్లంలో ఉంటే, పైపును కుళాయి నుంచి ఊడదీసిన క్షణం నుంచి కొలను నీరు వెనక్కు పారుతుంది. అంతకన్నా ఆందోళన కలిగించేది పురపాలక కుళాయి. హైదరాబాదులో జలమండలి నీరు చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజు వస్తుంది. సరఫరా ఆగిన తరువాత వీధి పైపుల్లో పీడనం పడిపోయి, ఒక్కోసారి అవి నీటిని వెనక్కు పీలుస్తాయి. ఆ సమయంలో కుళాయి తెరిచే ఉండి, పైపు కొస కొలనులో మునిగి ఉంటే, కొలను తరగడంతో పాటు చేపల మలం, నాచు కలిసిన నీరు వీధిలోని వారందరూ తాగే నీటిలో కలుస్తుంది. పైపు కొసకు, నీటి ఉపరితలానికి మధ్య జానెడు ఖాళీ వదలడం సొంత కొలను కోసమే కాక ఇరుగుపొరుగు కోసం కూడా పాటించవలసిన నియమం.

ఒకే కొలను, ఒక జలపాతం ఉన్న ఇంట్లో కూడా కరెంటు కోతకు ఒక లెక్క ఉంది. పంపు తిరుగుతున్నంతసేపు కొంత నీరు కొలనులో లేకుండా వాగులో, ఫిల్టరులో, పైపుల్లో ఉంటుంది. 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న వాగులో 5 సెంటీమీటర్ల లోతున నీరు పారుతుంటే అది 100 లీటర్లు. పంపు ఆగగానే అందులో ఎక్కువ భాగం కొలనులోకి దిగి, మనం చెప్పుకున్న కొలనులో మట్టాన్ని ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు లేపుతుంది. కొలను అంచుదాకా నిండి ఉంటే ఆ నీరు బయటికి పొర్లిపోతుంది. కరెంటు వచ్చి వాగు మళ్లీ నిండాక మట్టం తగ్గి కనిపిస్తుంది, ఇంటివారు మళ్లీ అంచుదాకా నింపుతారు, తరువాతి కోతకు మళ్లీ దాదాపు 100 లీటర్లు పోతాయి. కొలనుకు చిల్లు పడిందని వెదికి వెదికి అలసిపోయేవారిలో ఈ చిక్కులో ఉన్నవారు తక్కువేమీ కాదు. పంపు తిరుగుతుండగా అంచుకు కనీసం నాలుగైదు సెంటీమీటర్ల కింద ఒక గీత గీసి, నీటిని అంతవరకే నింపడం దీనికి తగిన మందు.

ఫ్లష్ ట్యాంకులో ఉండే తరహా ఫ్లోట్ వాల్వును కొలనుకు అమర్చి, నీరు తగ్గినప్పుడల్లా దానంతట అదే నిండేట్టు చేసుకోవడం చూడడానికి మంచి ఉపాయంగానే ఉంటుంది. కానీ మట్టం ఎప్పుడూ తగ్గదు కనుక నీరు పోతున్న సంగతే ఇంటివారికి తెలియకుండా పోతుంది. పైపు ఊడిన రాత్రి పంపు కొలను నీటిని బయట పోస్తుంటే, వాల్వు కుళాయి నీటిని లోపల పోస్తుంది; తెల్లవారేసరికి కొలను నిండుగానే కనిపించవచ్చు గాని, అందులోని పాత నీటి స్థానంలో క్లోరిన్ కలిసిన కొత్త నీరు చేరి ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం సరఫరా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనిషికి రక్షణనిచ్చే ఆ క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది, ఫిల్టరులో ఉంటూ చేపల విసర్జనలోని అమోనియాను మార్చే మేలైన బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. కాబట్టి చేపలున్న కొలనుకు చేత్తో నింపడమే మేలు. ఎక్కువ రోజులు ఊళ్లో లేనివారు ఫ్లోట్ వాల్వు పెట్టుకోక తప్పకపోతే, దాని ధార సన్నగా ఉండేట్టు బిగించి, ఒక చిన్న మీటరు తగిలిస్తే, మామూలుకన్నా ఎక్కువ నీరు పోయిన రోజు అంకెల్లో కనిపిస్తుంది.

యంత్రాల కన్నా మరపు చేసే నష్టం తక్కువది కాదు. వారానికోసారి కొంత నీటిని మార్చడానికి గొట్టం వేసి, ఈలోగా ఫోను మోగో, వాకిట్లోకి ఎవరో వచ్చో ఆ సంగతి మరచిపోవడం అందరికీ ఎదురయ్యేదే. అందుకు ఒక సులువైన ఏర్పాటు ఉంది. నీటిని తోడే గొట్టాన్ని, గట్టు మీది కొక్కేనికి తగిలిస్తే దాని నోరు 15 సెంటీమీటర్ల కన్నా లోతుకు దిగని పొడవుకు కత్తిరించి, కొలను కోసమే వేరుగా ఉంచుకోవాలి. అప్పుడు ఎంతసేపు మరచిపోయినా పోయేది మార్చదలచిన నీరే. అడుగున తూము ఉన్న సిమెంటు కొలనుల్లో దాని వాల్వు పిడిని తీసి ఇంట్లో దాచడం మంచిది, పిల్లల చేతికీ పనివారి కాలికీ అందే చోట అది ఉండకూడదు.

కొలను నిర్మాణంలోని లోపాల వల్ల పోయే నీరు నెమ్మదిగా పోతుంది. తవ్విన గుంతలో పరిచే నీరు దిగని షీటును లైనరు అంటారు. దాని అంచు గట్టు మట్టి కన్నా పైకి లేచి నిలవకుండా మట్టిలోనో గడ్డిలోనో కలిసిపోతే, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఆ మట్టి, గడ్డి వేళ్లు కొలను నీటిని పగలూ రాత్రీ బయటికి లాగుతుంటాయి. లైనరు కింద పాత గోనె పట్టానో, మందపాటి గుడ్డనో పరచకపోతే గులకరాయి మొన చాలు చిల్లు పెట్టడానికి. జమ్ము దుంపల మొనలు పలుచని షీటును పొడుచుకుని వెళ్లగలవు కాబట్టి అటువంటి మొక్కలను కుండీల్లో ఉంచే కొలనులో దించాలి. గట్టు పక్కన పందికొక్కు బొరియ కనిపిస్తే దానిని వెంటనే పూడ్చాలి. నల్లరేగడి నేలల్లో సిమెంటు కొలను కట్టేవారికి మరొక చిక్కు ఉంది; ఆ మట్టి వానకు ఉబ్బి, వేసవికి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, ఆ కదలికకు గోడలు పగులుతాయి. అక్కడ సాగే గుణమున్న రబ్బరు లైనరే నయం. అనంతపురం ఎర్రనేలల్లో పంటకుంటలకు ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి పూసే పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేశారు, అది ఇంకుడును తగ్గించడానికి చవకైన దారి. అయితే చిన్న పెరటి కొలనులో, కొద్దిపాటి ఇంకుడు కూడా లెక్కలోకి వచ్చే చోట, దానికన్నా లైనరే నమ్మకమైనది.

నీరు తగ్గుతున్నప్పుడు కారణాన్ని ఊహించడం కన్నా పరీక్షించడం తేలిక. ఒక బకెట్టును కొలను నీటితో నింపి, కొలనులోనే ఒక రాతి మీద మెడదాకా మునిగేట్టు నిలిపి, లోపలి మట్టానికీ బయటి మట్టానికీ గుర్తులు పెట్టి, పంపు ఆపి, ఒక రోజు ఆగాలి. బకెట్టులో తగ్గినది ఆవిరి. కొలనులోనూ అంతే తగ్గితే కొలను గట్టిగానే ఉన్నట్టు, ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. పంపు ఆపిన రోజు సమంగా ఉండి, నడిపిన రోజు మాత్రం ఎక్కువ తగ్గితే దోషం వాగులో, పైపుల్లో, ఫిల్టరులో ఉంది; చాలామందికి దోషం దొరికేది ఇక్కడే. పంపు ఆపినా తగ్గుతూ పోయి ఒక మట్టం దగ్గర నిలిచిపోతే, చిల్లు ఆ ఎత్తులోనే గోడ చుట్టూ ఎక్కడో ఉంటుంది. నీరు కదలకుండా ఉన్నప్పుడు అనుమానమున్న చోట సిరంజితో రెండు చుక్కల పాలు వదిలితే, చిల్లు ఉన్న వైపు ఆ తెల్లని చార లాగబడుతూ కనిపిస్తుంది. పంపు ఆపి పరీక్షిస్తున్నంతసేపు, పాల చుక్కలు వదిలే ఆ కాసేపు తప్ప, చేపలకు గాలి అందేట్టు గాలి పంపును నడుపుతూ ఉండాలి. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న కొలనులో మాత్రం బకెట్టు లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ మొక్క ఆకుల గుండా బోలెడంత నీటిని గాలిలోకి వదులుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఒకనాడు కొలను సగానికి తగ్గి కనిపిస్తే, వెంటనే కుళాయి తిప్పడం మొదటి పని కాకూడదు. ముందు పంపు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఆ తరువాతే నీటిలో చెయ్యి పెట్టాలి, నీరు తగ్గి తీగలు బయటపడిన చోట విద్యుదాఘాతపు ప్రమాదం ఉంటుంది. తగ్గిన నీరు త్వరగా వేడెక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగల నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టలేదు. అందువల్ల తరువాతి పని నీడ కల్పించి గాలి పంపు పెట్టడం. ఆ పిమ్మట నీటిని సన్నని ధారగా, విడతలు విడతలుగా నింపాలి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నీరు చేపలను ఉడికించేంత వేడిగా ఉంటుంది, అది వాడకూడదు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ కనుక దానిని ఎత్తు నుంచి తుంపరగా పడనివ్వాలి. కుళాయి నీటి క్లోరిన్‌ను అక్వేరియం దుకాణాల్లో హైపో పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలతో విరవవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అదనంగా గమనించవలసింది ఒకటి: అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ వాడతారు, అది నీటిని రాత్రంతా తెరిచి ఉంచినా ఎగిరిపోదు, దానికి తగిన మందు వేయవలసిందే. ఇంటి చుట్టూ పల్లంలో నిలిచిన కొలను నీటిని కూడా మరవకుండా తోడేయాలి; వారం దాటితే అందులో దోమలు పుడతాయి.

కొత్తగా కొలను కట్టించుకునేవారు ఈ ఏర్పాట్లను నీరు పోయకముందే మేస్త్రీకి, ప్లంబరుకు చెప్పి చేయించుకోవాలి, ఎందుకంటే రాళ్లు పేర్చి మొక్కలు నాటాక పైపు ఎత్తు మార్చడం ఎవరికీ ఇష్టముండదు. ఇప్పటికే కొలను ఉన్నవారు ఈ ఆదివారం పంపు ఆపి, దాని నోరు ఎంత లోతులో ఉందో కొలిచి చూసుకోవాలి. అది అడుగున ఉంటే, ఊరికి ప్రయాణమయ్యేలోపు దానిని పైకి లేపాలి.